రంగు కోడిపిల్లని చంపింది నేను కాదు

ముందే చెప్పేస్తున్నా, ఇది పాత కేసు, ముప్పై ఏళ్ళ నాటిది, మా ఇంట్లో ఇంకా కొట్టెయ్యలేదు. ముద్దాయిని నేను. ఫిర్యాదు మా అన్నయ్యది, సాక్ష్యం మా అక్కది, జడ్జీలు లేరు, ఎందుకంటే అమ్మా నాన్నా అప్పుడూ పట్టించుకోలేదు ఇప్పుడూ పట్టించుకోరు. మేం ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ మార్చి వచ్చిందంటే రైతు సామాన్లు అమ్మే పెద్ద షాపుల్లో ఇనప తొట్లు పెట్టి, పైన ఎర్ర లైట్లు వేలాడదీసి కోడిపిల్లల్నీ బాతుపిల్లల్నీ అమ్ముతారు, ఈస్టర్ దాకా అదే సందడి. మా అమ్మాయి ఆ తొట్టి ముందు కూలబడి ఇక లేవనంది. సరే మామయ్యకి చూపిద్దాం, ఈలోపు మనసు మారుతుందేమో అని వీడియో కాల్ చేస్తే, హైదరాబాదులో నిద్రమొహంతో లేచిన మా అన్నయ్య నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "అమ్మలూ, కొనుక్కో గానీ మీ అమ్మ చేతికి మాత్రం ఇవ్వకు, చంపేస్తది."

అది కిసుక్కున నవ్వింది. పక్కనున్న మావాడు నవ్వలేదు, నా వైపు చూశాడు, నిజంగానే చంపావా అన్నట్టు.

అందుకే ఇది రాస్తున్నా. చిన్నపిల్లల చేతిలో చచ్చిన కోడిపిల్లని ఆ పిల్లలు చంపరు, అది చావడానికి సిద్ధమయ్యే వాళ్ళ చేతికొస్తుంది, ఆ సంగతి కొనిచ్చే పెద్దవాళ్ళకి కొనేటప్పుడే తెలుసు. నింద మాత్రం పిల్లల మీద పడుతుంది, అది కూడా పిల్లల్లో అందరికంటే చిన్నవాళ్ళ మీద. ఈ మాట నేను కోపంతో అంటున్నది కాదు, లెక్కలేసుకుని అంటున్నదే.

మాది తణుకు పక్కన ఊరు, లూథరన్ కుటుంబం, నాన్న స్కూల్ టీచరు, అమ్మ చర్చిలో పాటల గుంపులో ఉండేది. ఈస్టర్ అంటే మాకు కోడిపిల్లా కాదు, కుందేలు అసలే కాదు. మట్టల ఆదివారం కొబ్బరిమట్టలు పట్టుకుని ఊరేగింపు, గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలసేపు ఏడు మాటల ప్రసంగాలు (ఐదో మాట దప్పిక గురించి, ఆ టైముకి మాకూ నిజంగానే నాలుక పిడచగట్టుకుపోయేది), ఆదివారం తెల్లారకముందే సమాధుల తోటకెళ్ళి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడి, ఇంటికొచ్చాక మసాలా నూరుడు. కోడికి ఈస్టర్‌తో ఉన్న సంబంధం ఆ మధ్యాహ్నం కూర వరకే.

కాకపోతే మామ్మ బీరువా తలుపుకి లోపలివైపు ఒక గ్రీటింగ్ కార్డు అంటించి ఉండేది, ఎప్పుడో మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన దొరసాని ఎవరో ఇచ్చి వెళ్ళిందట. తెల్ల లిల్లీ పూలు, పగిలిన గుడ్డు, గుడ్డులోంచి తొంగిచూస్తున్న పసుప్పచ్చ పిల్ల. ఇదేంటి మామ్మా ఈస్టర్‌కీ కోడిపిల్లకీ అంటే, గుడ్డు సమాధిరా, పిల్ల ప్రభువు అని చెప్పింది. అన్నయ్య "మరి ఆమ్లెట్టో?" అన్నాడు, అట్లకాడ తిరగేసి ఒకటిచ్చింది. మా వైపు లూథరన్ మిషన్ మొదలైంది 1842లో గుంటూరొచ్చిన హేయర్ అనే పాస్టరుతో, ఆయన్ని పంపింది పెన్సిల్వేనియా సంఘం, అమెరికాకి ఈస్టర్ కుందేలునీ రంగుగుడ్లనీ తెచ్చిందేమో అదే పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్లు. చూడండి, పాటలొచ్చాయి, బడులొచ్చాయి, ఆసుపత్రులొచ్చాయి, మా ఊరి దాకా కుందేలు మాత్రం రాలేదు. పోనీలెండి, వచ్చుంటే దాన్ని కూడా కూర వండేవాళ్ళం.

ఆ ఏడు ఒంటిపూట బడులు మొదలయ్యాక, ఈస్టర్ ముందు శనివారం, వీధిలోకి కోడిపిల్లలబ్బాయి వచ్చాడు. సైకిల్ వెనకాల వెదురు గంప, పైన వల. "కోడిపిల్లలో, రంగు కోడిపిల్లలో" అని ఒక సాగదీత ఉండేది, ఆ సాగదీతకి వీధిలో పిల్లలందరూ అన్నాలు వదిలేసి బయటికొచ్చేవాళ్ళు. గంపలో చూస్తే హోలీ ఆడొచ్చిన పిల్లల్లా గులాబీ, నీలం, చిలకపచ్చ, నారింజ, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ కియ్ కియ్ కియ్ అని. రెండు రూపాయలో ఎంతో. అమ్మ వద్దంది. కంఠత వాక్యాల పోటీలో ముగ్గురికీ ప్రైజులొచ్చాయి కదా కొనిపెట్టు అని మామ్మ చేత చెప్పించాం, నాన్న పేపరు మడత దించకుండానే "నాల్రోజులుండవే అవి" అన్నాడు, అని జేబులోంచి డబ్బులు తీసిచ్చాడు. ఈ మాటా ఈ డబ్బులూ ఒకేసారి వచ్చాయి, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

అన్నయ్యది చిలకపచ్చది, దానికి చిరంజీవి అని పేరు పెట్టాడు, మా జిల్లా కదా ఇంకేం పెడతాడు. అక్కది నీలం, ఆవిడకి పేర్లూ గీర్లూ అక్కర్లేదు, పెద్దదాన్ననే గొప్ప. నాది గులాబీ, పేరు కూడా గులాబీయే. నాన్న చెప్పుల డబ్బాకి పెన్సిలుతో బొక్కలు పెట్టి, కింద ఈనాడు పేపరు పరిచి, మంచినీళ్ళు స్టీలు మూతలో పెట్టి, తినడానికి గుప్పెడు నూకలూ కాస్త తవుడూ.

తవుడు దగ్గర మొదలైంది అసలు గొడవ. తెలుగు ఇళ్ళల్లో కడగొట్టుగా పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, "నిన్ను తవుడిచ్చి కొన్నాం" అనేది మన పిల్లల రాజ్యాంగంలో మొదటి ఆర్టికల్. నేను కాస్త నల్లగా ఉంటాను, మిగతా ఇద్దరూ అమ్మ రంగు, కాబట్టి నా విషయంలో వాళ్ళ దగ్గర సాక్ష్యం కూడా ఉందన్నమాట. తవుడుకి కొన్నాం అని అప్పటిదాకా వినీ వినీ అలవాటైపోయింది, ఏడవడం మానేశాను, దాంతో అన్నయ్యకి కొత్త సరుకు కావాల్సొచ్చింది. పిల్లలు తవుడు పొడుచుకుంటుంటే చూస్తూ అన్నాడు, "చూశావా, కోడిపిల్లకి రెండు రూపాయలిచ్చి పైన తవుడు కూడా పెడుతున్నాం, నీకు ఉత్త తవుడే." అక్క నవ్వు. "ఏంటక్కా నువ్వు కూడా" అంటే ఇంకా నవ్వు.

సాయంత్రానికి అన్నయ్యకో ఐడియా వచ్చింది. పెరట్లో మామ్మ నాటుకోడి పెట్ట అప్పుడే పిల్లల్ని దింపింది, గంప కింద మూస్తే ఎనిమిదో తొమ్మిదో పిల్లలు దాని రెక్కల కింద దూరి పడుకునేవి, ఒక్కటి కూడా కియ్యిమనేది కాదు. మన మూడింటినీ అందులో కలిపేద్దాం, తల్లి చూసుకుంటుంది అన్నాడు. మంచి ఆలోచనే, ఇప్పటికీ అంటాను. కలిపాం. పెట్ట ఒక్క నిమిషం మెడ పక్కకి వంచి చూసింది, చూసి గులాబీని నెత్తిమీద టకీమని పొడిచింది, నీలందాన్ని పొడిచింది, మేం గంప ఎత్తేలోపు చిరంజీవికి నెత్తిన రక్తం. ఏడుస్తూ నా పిల్లని గౌనులో దాచుకుంటుంటే అన్నయ్య, నిజంగా చెప్తున్నా, చాలా మామూలుగా, ఏదో పాఠం చెప్తున్నట్టు అన్నాడు: "కొన్న పిల్లని ఏ తల్లీ రానివ్వదే."

ఆ రాత్రి నేను అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుని పడుకున్నాను. అమ్మ ఉక్కపోతకి చిరాకుపడి రెండుమూడుసార్లు లాక్కుంది కూడా. లాక్కున్నప్పుడల్లా నా గుండె ఆగేది, అదిగో, రానివ్వట్లేదు అని. ఆవిడకి ఈ కథ ఇప్పటికీ తెలీదు.

చిరంజీవి అన్నిటికంటే ముందు పోయింది. ఈస్టర్ నాడు సమాధుల తోట నుంచి వచ్చేసరికి డబ్బాలో ఒక పక్కకి ఒరిగి, కాళ్ళు చాపేసి. చర్చి బట్టల్లోనే ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. అన్నయ్య మాట్లాడలేదు, మొహం అలా బిగుసుకుపోయింది, కొంచెంసేపటికి నా వైపు తిరిగి "నువ్వే, రాత్రి నువ్వు మూడింటినీ ఒళ్ళో పెట్టుకుని పిసికావ్" అన్నాడు. అక్క "అవును నేను చూశా" అంది. తర్వాత నీలంది, అప్పుడు "నీ హస్తవాసి మంచిది కాదే" అని అక్క, ఎక్కడ విందో ఆ మాట, డాక్టర్ల గురించి పెద్దవాళ్ళు అనుకుంటుంటే వినుంటుంది. గులాబీ మాత్రం ఇంకొన్నాళ్ళు ఉంది, రెక్కల దగ్గర తెల్ల ఈకలు మొలిచి గులాబీ రంగు పాచిపోయినట్టయింది, "నీ పిల్లకి రంగు పోతుందే, కడిగితే నీక్కూడా పోతుందేమో ట్రై చెయ్యి" అని దాని మీద కూడా జోకులు. ఒక రాత్రి కరెంటు పోయింది. పొద్దున్నకి అదీ లేదు.

ఆ హస్తవాసి మాట ఎంత దూరం వచ్చిందంటే, పెళ్ళయ్యాక అత్తగారు కరివేపాకు మొక్క నాటమ్మా అంటే నేను మా ఆయన చేత నాటించాను.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. ఆ గంపలో పిల్లలు ఎక్కడివి? మా గోదావరి జిల్లాలు కోడిగుడ్లకి పెట్టింది పేరు, తణుకు, అనపర్తి చుట్టుపక్కల షెడ్లే షెడ్లు, రోజూ పేపర్లో గుడ్డు రేటు పడుతుంది, 1982లో రైతులందరూ ఒకచోట చేరి నెక్ అనే గుడ్ల రైతుల సంఘం పెట్టుకున్నాక ఆ రేటు వాళ్ళే చెప్పుకుంటున్నారు. గుడ్ల కోసం పెంచే కోడి వేరు, మాంసం కోసం పెంచే బ్రాయిలర్ వేరు. గుడ్ల జాతి పెట్ట ఏడాదికి మూడొందల దాకా గుడ్లు పెడుతుంది, ఆ జాతి పుంజు గుడ్డు పెట్టదు సరే, మేపినా బ్రాయిలర్‌లాగా ఆరు వారాల్లో రెండు కేజీలు తూగదు, మేత దండగ. పొదిగిన గుడ్లలో సగం మగవే వస్తాయి, దానికెవరూ ఏం చెయ్యలేరు. కాబట్టి హాచరీలో పిల్ల గుడ్డులోంచి బయటపడ్డ రోజే ఆడా మగా వేరు చేస్తారు. పిల్ల వెనకభాగం చూసి చెప్పే ఈ విద్యని 1920ల్లో జపాన్ వాళ్ళు కనిపెట్టారు, చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి వెయ్యి దాకా చూసేస్తారు. ఆడవి ఒక ట్రేలోకి, మగవి ఇంకో ట్రేలోకి. మగవాటికి అక్కడితో ఆఖరు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి ఆరేడు వందల కోట్ల మగపిల్లల్ని పుట్టినరోజే చంపేస్తారని లెక్క. జర్మనీ 2022 జనవరి నుంచి అలా చంపడం నిషేధించింది, గుడ్డులో ఉండగానే ఆడో మగో చూసే మెషీన్లు పెట్టుకున్నారు.

అంటే మనం తినే ప్రతి గుడ్డు వెనకాలా ఒక పెట్ట ఉన్నట్టే, ప్రతి పెట్ట వెనకాలా దానితోపాటు పుట్టి దాని కంటే ముందే పోయిన ఒక అన్నో తమ్ముడో ఉన్నాడు. అలా పక్కన పడేసిన వాటిల్లోంచి కొన్ని చవగ్గా బయటికొస్తాయి, ఎవరో గంపగుత్తగా కొంటారు, రంగు నీళ్ళల్లో ముంచుతారు, సైకిలెక్కిస్తారు. చిరంజీవి ఆ బాపతు. మా ఊరి చుట్టూ అన్ని షెడ్లున్నా ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు, చెప్పేంత పెద్ద విషయం అని ఎవరికీ అనిపించి ఉండదు.

ఇక చావు సంగతి. పుట్టిన కోడిపిల్లకి ఒంట్లో వేడి నిలబెట్టుకునే శక్తి ఉండదు, ఈకలొచ్చేదాకా, అంటే నాలుగైదు వారాలు, బయటి వేడి కావాలి. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. మామ్మ పెట్ట ఒళ్ళు 41 డిగ్రీలు ఉంటుంది, అందుకే దాని రెక్క కింద పిల్లలు కిక్కురుమనకుండా పడుకునేవి. మా పిల్లలు రాత్రంతా కియ్ కియ్‌మని అరిచింది ఆకలికి కాదు, చలికి. ఏప్రిల్ నెలలో గోదావరి జిల్లాలో చలేంటి అనుకుంటాం కదా, మనకి ఉక్క, దానికి చలి. పైగా మేం దానికి ఉక్కపోస్తుందేమో అని పాపం ఫ్యాన్ కిందే పెట్టాం. అరవై క్యాండిల్ బల్బు ఒకటి డబ్బా మీద వేలాడదీస్తే సరిపోయేది, కరెంటు ఉన్నంతసేపైనా.

ఇంకోటి, నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చే ముందు పచ్చసొనని కడుపులోకి పీల్చుకుంటుంది. దాంతో మూడు రోజుల దాకా మేతా నీళ్ళూ లేకపోయినా బతుకుతుంది. పెట్ట కింద అన్ని గుడ్లూ ఒకేసారి పగలవు, ముందొచ్చినవాటిని మేపడానికి తల్లి లేచిపోతే మిగతావి పాడైపోతాయి, ఆ ఆగడం కోసం ఉన్న ఏర్పాటు అది. అమెరికాలో 1918 నుంచి కోడిపిల్లల్ని పోస్టులో పంపుతున్నారంటే దీని ధైర్యంతోనే. మా సైకిలబ్బాయి వ్యాపారం కూడా దాని మీదే నడిచింది, అతనికి సైన్సు తెలిసినా తెలియకపోయినా. ముంచి, ఆరబెట్టి, ఎండలో ఊళ్ళు తిప్పి, నీటి చుక్క పట్టకపోయినా గంపలో ఉన్నంతసేపు పిల్ల గెంతుతూనే ఉంటుంది, కడుపులో సొన ఉంది కాబట్టి. అది అయిపోయేది మన ఇంటికొచ్చాక. అప్పటికది నూకలు తినడం సరిగా నేర్చుకుని ఉండదు, కొక్కెర వ్యాధికి టీకా పడి ఉండదు, నెత్తిన పెట్ట పొడిచిన గాయం ఉంటుంది. కూలిపోతుంది. ఆ టైములో ఎవరి ఒళ్ళో ఉంటే వాళ్ళు హంతకులు.

కాబట్టి నా ఒళ్ళో ఉన్న వేడి ఆ మూడింటికీ ఆ ఇంట్లో దొరికిన ఒకే ఒక్క వేడి. పిసికాను అంటారేంటి, పొదిగాను!

అమెరికా కథ కూడా ఇదే, రంగు తేడా. ఇక్కడ ఈస్టర్‌కి రంగుపిల్లల్ని అమ్మడం ఒకప్పుడు మామూలే, గుడ్డులో ఉండగానే సూదితో రంగు ఎక్కించి గులాబీగా నీలంగా పుట్టించేవాళ్ళు కూడా. చాలా రాష్ట్రాలు తర్వాత అది నిషేధించాయి, ఫ్లోరిడా 1967లోనే. అదే ఫ్లోరిడా 2012లో ఆ నిషేధం ఎత్తేద్దామని ఓటేసింది, కుక్కలకి రంగులేసి పోటీలకి తీసుకెళ్ళేవాళ్ళకి అడ్డొస్తోందని. కొన్ని రాష్ట్రాల్లో రూలు ఇంకోలా ఉంటుంది, ఒకటి రెండు పిల్లలు అమ్మకూడదు, కనీసం ఆరు కొనాలి. నాకు నచ్చిన రూలు ఇది. ఒక పిల్ల కొనేవాడికి బొమ్మ కావాలి, ఆరు కొనేవాడు గూడు గురించి ఆలోచించి ఉంటాడు. మనకి 1960 నాటి జంతుహింస చట్టం ఉంది, మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై.

పోస్టు సంగతి చెప్పాను కదా, దాన్లో ఒక ముక్క మిగిలిపోయింది. ఇక్కడ హాచరీలవాళ్ళు ఆర్డరు చిన్నదైతే డబ్బాలో వేడి చాలదని కొన్ని మగపిల్లల్ని ఊరికే కలిపి పంపుతారు. అక్కచెల్లెళ్ళు చలికి చావకుండా ఉండడానికి అన్నదమ్ములు ప్యాకింగ్ సామాను. ఇది చదివిన రోజు నాకు మా అన్నయ్య మీద ఉన్న కోపంలో కొంచెం తగ్గింది, ఎందుకో తెలీదు.

ఇక దీనికి ఎదురు మాట్లాడేవాళ్ళ దగ్గరకి వస్తాను. "పిల్లలకి బాధ్యత తెలుస్తుంది కదండీ" అంటారు, మా ఆయన కూడా ఇదే అన్నాడు. ఏం బాధ్యత? బాధ్యత అంటే ఏం చెయ్యాలో చెప్పి, చెయ్యడానికి సామాను ఇచ్చి, చేస్తే ఫలితం ఉండే పని అప్పజెప్పడం. బల్బు ఇవ్వకుండా, మేత ఇవ్వకుండా, ఎలాగూ నాల్రోజులుండదని తెలిసీ చేతిలో పెట్టడం బాధ్యత నేర్పడం కాదు. "చావంటే ఏంటో తెలుస్తుంది" అంటారు ఇంకొందరు, బాగా చదువుకున్నవాళ్ళు ఎక్కువగా అంటారిది. నాయనా, మేం సమాధుల తోటలో పండగ చేసుకునే పిల్లలం, మామ్మ కోడి మెడ తిప్పుతుంటే కాళ్ళు పట్టుకున్న పిల్లలం, చావు మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకున్నది చావు కాదు, నేరం.

అసలు గట్టి వాదన మూడోది, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. ఎలాగూ పుట్టినరోజే చంపేసే పిల్ల కదా, నాలుగు రోజులు ఎండ చూస్తే, ఎవరో పిల్ల ముద్దు చేస్తే, పేరు పెడితే తప్పేంటి? మా అక్క ఇదే అంటుంది. నేను చాలాసేపు ఆలోచించాను. హాచరీలో చావు తొందరగా అయిపోతుంది, దాన్ని నేను మంచిదనను, కానీ చలికి, దాహానికి, రెండు రాత్రులు అరిచి అరిచి పోవడంతో పోలిస్తే? ఆ నాలుగు రోజులూ పిల్ల కోసమైతే నేను ఒప్పుకునేదాన్ని, అవి మన కోసం, మన ఫోటోల కోసం. పైగా హాచరీలో ఆ పని చేసేవాడికి జీతం ఇస్తారు, అదే పనిని ఆరేళ్ళ పిల్లకి ముద్దులతో అవుట్‌సోర్స్ చేసి, అయిపోయాక నీ చెయ్యి మంచిది కాదు అనడం ఏం న్యాయం?

మగపిల్లల్ని చంపడం తప్పనిపిస్తే గుడ్ల ధర పెరిగినా సరే జర్మనీ లాగా అడగాలి. తప్పు కాదనిపిస్తే నోరు మూసుకుని ఆమ్లెట్ తినాలి, నేను చాలావరకు రెండో రకం, దాచను. మధ్యలో ఈ రంగు వెయ్యడం మాత్రం రెండిట్లో ఏదీ కాదు.

నాన్న మాట దగ్గరకి మళ్ళీ వస్తానన్నాను. "నాల్రోజులుండవే అవి." ఆయనకి తెలుసు. తెలిసి డబ్బులిచ్చాడు, ఎందుకంటే రెండేసి రూపాయలకి ముగ్గురు పిల్లలు మధ్యాహ్నమంతా గోల చెయ్యకుండా ఉంటారు, ఏ తండ్రైనా ఇస్తాడు, నేను కూడా రోజూ ఐప్యాడ్ ఇస్తున్నా. ఆయన్ని తప్పుపట్టట్లేదు. కానీ చిరంజీవి పోయిన పొద్దున్న "ఇవి ఇంతేనమ్మా, మీరేం చెయ్యలేదు" అని ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది. చెప్పలేదు. కాగితంలో చుట్టి గోడ అవతల పడేసి, చేతులు కడుక్కుని రండి టిఫిన్‌కి అన్నారు. పెద్దవాళ్ళు ఏ కారణమూ చెప్పనప్పుడు పిల్లలు కారణం తయారుచేసుకుంటారు, మా అన్నయ్యకి పదేళ్ళు, వాడి దగ్గర దొరికిన కారణం నేను. వాడు ఎగతాళి చేశాడు అంటాం గానీ, ఆ ఇంట్లో ఆ చావు గురించి మాట్లాడింది వాడొక్కడే.

మొన్న ఇదంతా, 35 డిగ్రీలు, పచ్చసొన, మగపిల్లలు, మొత్తం ఫోన్లో వాడికి వాయించాను. ఓపిగ్గా విన్నాడు. విని, "అయితే కరెంటోళ్ళు చంపారంటావ్" అన్నాడు. నీదైతే కరెంటు పోకముందే చచ్చింది రా అన్నాను. కొంచెంసేపు ఆగి, "దాన్ని నేను రాత్రి లేచి నా చొక్కాలో పెట్టుకున్నానే, పడుకున్నాక పక్కకి దొర్లానేమో అని..." అని, వెంటనే "అయినా నువ్వు పిసకడం మాత్రం పిసికావ్" అన్నాడు. నేను ఇంకేం అడగలేదు. దొర్లలేదురా, పక్కన పడుకున్న నేను చూశాను, అని అబద్ధం చెప్పాను, ఎందుకంటే అప్పుడు నేను అమ్మ కొంగు పట్టుకుని అవతల గదిలో ఉన్నాను.

టెక్సస్ తొట్టి దగ్గర మేం కొనలేదు. అమ్మాయి దారంతా ఏడిచింది. దానికి నేను చెప్పింది చెప్తాను, పనికొస్తే వాడుకోండి. కోడి కావాలంటే కోడి కొందాం, పిల్ల కాదు. మా సిటీలో పెరట్లో పెట్టలు పెంచుకోవచ్చు, పుంజులు కుదరదు. ఆడపిల్లలు అని రాసిన తొట్టిలోంచి తెచ్చినా పదింటిలో ఒకటి పుంజు తేలొచ్చు, దాన్ని ఎవరు తీసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి. గూడుకి నాన్న కొలతలు తియ్యాలి, పొద్దున్నే తలుపు తెరిచే డ్యూటీ నీది, చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముద్దులు పెట్టకూడదు, సాల్మనెల్లా వస్తుంది, 2020లో ఇలా పెరటికోళ్ళ వల్ల ఈ దేశంలో 1,700 మందికి పైగా జబ్బుపడ్డారు, ఐదేళ్ళలోపు పిల్లలు అసలు పట్టుకోకూడదు అంటారు, కాబట్టి తమ్ముడు పట్టుకోకూడదు. ఇది వినగానే దాని ఏడుపు ఆగింది. తమ్ముడికి లేదు, నాకు మాత్రమే ఉంది అనే మాట ఏ భాషలో చెప్పినా పనిచేస్తుంది.

ఈస్టర్ బుట్టలోకి మార్ష్‌మాలో కోడిపిల్లల ప్యాకెట్ కొన్నాను, పీప్స్ అంటారు వాటిని, ఇవి కూడా పెన్సిల్వేనియావే, 1953కి ముందు ఒక్కో పిల్లని చేత్తో చెయ్యడానికి 27 గంటలు పట్టేదట, ఇప్పుడు ఆరు నిమిషాలు. గులాబీ, నీలం, పచ్చ అన్ని రంగులూ ఉంటాయి. ఒట్టి పంచదార, నాకు నోట్లో పెట్టబుద్ధి కాదు. మావాడు గులాబీది తల కొరికేశాడు. కొరకగానే మా అమ్మాయి "చంపేశావ్, నువ్వే చంపేశావ్" అని ఇల్లంతా గెంతింది, వాడు నోట్లోది మింగాలో ఉమ్మాలో తెలీక బేర్‌మన్నాడు. నేను పొయ్యి దగ్గర కూర కలుపుతున్నదాన్ని ఆపి, వెళ్ళి కింద కూర్చుని, అది ముందే చచ్చిపోయింది కన్నా, ఫ్యాక్టరీలోనే, నువ్వేం చెయ్యలేదు, తిను, అని చెప్పాను. అమ్మాయి "మరి ఫ్యాక్టరీ వాళ్ళు ఎందుకు చంపారు?" అంది. అది పెద్ద కథ, అన్నం తిన్నాక చెప్తాను అన్నాను, తిన్నాక చెప్పాను కూడా, గుడ్ల దగ్గర్నించి మొదలుపెట్టి.